సమాధానం: ట్రూత్ టేబుల్‌లో మూడు కేసులు ఎటుపోయాయి?

మేడమ్, పలమనేరు వైపు 18 పొదుపు సంఘాల డేటా ఎఫ్‌ఎస్‌క్యూసీఏలో (ఏయే కారణాలు కలిస్తే ఫలితం వస్తుందో చూసే సాఫ్ట్‌వేర్) పెడితే ట్రూత్ టేబుల్‌లో (కారణాల ఒక్కో కలయికకు ఒక్కో వరుస ఉండే పట్టిక) 15 మాత్రమే లెక్కకొస్తున్నాయని రాశారు. సాఫ్ట్‌వేర్ పాడవలేదు, టెన్షన్ వద్దు. క్యాలిబ్రేట్ చేసిన, అంటే కొలతల్ని 0 నుంచి 1 మధ్య విలువలుగా మార్చిన కాలమ్‌లు చూడండి, ఎక్కడో మూడు సంఘాలకు సరిగ్గా 0.5 పడి ఉంటుంది. అంటే ఆ కేసు (ఇక్కడ సంఘం) సెట్ (‘నిలదొక్కుకున్న సంఘాలు’ లాంటి గుంపు) లోపలా లేదు, బయటా లేదు. గడప మీద నిలబడ్డ మనిషిని ఏ గదిలో లెక్కేస్తాం? అందుకే ఏ వరుసలోనూ చేర్చకుండా వదిలేస్తుంది.

క్యాలిబ్రేషన్‌లో 0.5 ఇచ్చే మధ్య బిందువుగా మీడియన్ పెట్టానన్నారు కదా, చిక్కంతా అక్కడే. సంఘం వయసు మీడియన్ 8 ఏళ్లయితే, 8 ఏళ్లున్న ప్రతి సంఘానికీ 0.5 వస్తుంది. సంఘం ఎన్నేళ్లకు నిలదొక్కుకుంటుందో ఊళ్లు తిరిగిన మీకే తెలుసు. ఆ గీతను 7.5 దగ్గరో 8.5 దగ్గరో గీసి, కారణం థీసిస్‌లో రాయండి. ఆ 0.5కి 0.001 కలిపే చిట్కా కూడా ఉంది గానీ నాకైతే అంత ఇష్టం లేదు.

ఇంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. మీరు పెట్టిన ఏడు కండిషన్లంటే (కారణాలుగా తీసుకున్న అంశాలు) ట్రూత్ టేబుల్‌లో 128 వరుసలు. మీ దగ్గరున్నవి 18 కేసులు, చాలా వరుసలు ఖాళీయే! నాలుగుకు తగ్గిస్తే 16 వరుసలే. తిరుపతిలో పీహెచ్‌డీ చేసేటప్పుడు నేనూ ఇదే తప్పు చేసి, వైవాలో నోరు మెదపలేకపోయాను.

ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషకి మారాలా అని అడిగారు. చార్లెస్ రేగిన్, షాన్ డేవీల ఎఫ్‌ఎస్‌క్యూసీఏ ఉచితమే, మొదలుపెట్టడానికి చాలు. ఆర్‌లో ఆడ్రియన్ దుషా రాసిన క్యూసీఏ ప్యాకేజీ అయితే చేసిన ప్రతి పనీ స్క్రిప్ట్‌లో ఉండిపోతుంది, గైడ్ అడిగితే మళ్లీ నడిపి చూపించొచ్చు. ప్యాకేజీ పేరు ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే (QCA) కొట్టండి, చిన్నక్షరాలైతే దొరకలేదంటుంది.