బంగారంపై డీఎన్ఏ నిలబడాలంటే

ప్రశ్న: థయోల్ (బంగారానికి అతుక్కునే గంధకపు గుంపు) తగిలించిన 20 అక్షరాల ఒంటిపోగు డీఎన్ఏను 1 మోలార్ ఉప్పు బఫర్‌లో రాత్రంతా బంగారు ఎలక్ట్రోడ్‌పై ఉంచాం. అతుక్కుంది. కానీ జోడీ పోగు కలిపితే సిగ్నల్ మారడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: అతుక్కోవడం వేరు, నిలబడటం వేరు. థయోల్ ఒక్కటే కాదు, డీఎన్ఏ క్షారాలు (దాని అక్షరాలు) కూడా బంగారాన్ని పట్టుకుంటాయి. పోగు అడ్డంగా పడుకుంటే జోడీకి అందదు. మీరు మెర్కాప్టోహెక్సనాల్ (థయోల్ ఉన్న చిన్న అణువు) మాటే ఎత్తలేదు కాబట్టి మొదటి అనుమానం అక్కడే. డీఎన్ఏ పూత కడిగాక, 1 మిల్లీమోలార్ మెర్కాప్టోహెక్సనాల్‌లో గంటసేపు ముంచండి. అది ఖాళీలు నింపి, క్షారాల పట్టు వదిలించి పోగును లేపుతుంది. పరిశోధకులు హెర్న్, టార్లోవ్ 1997లో చూపిన కిటుకు ఇది. మరీ ఎక్కువసేపు వదిలితే మాత్రం డీఎన్ఏనే ఊడదీస్తుంది.

రెండోది ఇరుకు. ఉప్పు ఎక్కువైతే పోగుల మధ్య వికర్షణ తగ్గి కిక్కిరిసిపోతాయి. చదరపు సెంటీమీటరుకు సుమారు 3 లక్షల కోట్ల పోగులు దాటాక జోడీ కుదరడం తగ్గుతుంది. 1 మైక్రోమోలార్ డీఎన్ఏతో రాత్రంతా కాక గంటే ఉంచి చూడండి. జోడీ కట్టే దశలో మాత్రం ఉప్పు తగ్గించకండి.

థయోల్ డీఎన్ఏ తరచూ డైసల్ఫైడ్ (గంధకాలు జతకట్టిన) రూపంలో వస్తుంది. వాడేముందు ఆ జతను విడగొట్టే టీసెప్ (TCEP) అనే రసాయనంతో గంటసేపు క్షయకరణం చేసి, చిన్న అణువులను వేరుచేసే డీసాల్టింగ్ కాలమ్‌లో శుద్ధి చేయాలి. అదే పని చేసే డీటీటీ (DTT) వాడితే శుద్ధి అస్సలు మానకూడదు, దానికీ థయోల్‌లే ఉన్నాయి. బంగారంపై చోటు అదే ఆక్రమిస్తుంది.