చెరువు ఏరియేటర్ మోటారు కాలిపోతే వినియోగదారుడిగా మీ హక్కు

భీమవరం దగ్గర మీ రొయ్యల చెరువుకు రాజమహేంద్రవరంలో కొన్న ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) మోటారు వారంటీలోనే కాలిపోయిందనీ, చెరువు సాగు వ్యాపారం కాబట్టి మీరు వినియోగదారులు కారని దుకాణదారు అంటున్నారనీ రాశారు. ఆ మాటకు మీరు వెనకాడవద్దండీ. వాణిజ్య అవసరానికి కొన్న వస్తువు 2019 వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రాదన్నది నిజమే గాని, స్వయం ఉపాధితో జీవనోపాధి సంపాదించుకోవడానికి మాత్రమే కొని తాను వాడుకునే వస్తువును ఆ చట్టమే వాణిజ్య అవసరం కింద లెక్కించదు. అందుచేత చెరువును మీరే సాగు చేసుకుంటున్నారని, అదే మీ జీవనాధారమని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. పదుల ఎకరాలు జీతగాళ్లతో నడిపేవారికి ఈ వాదన నిలవడం కష్టం.

మోటారును స్థానిక మెకానిక్ చేత విప్పించకండి, ఎందుకంటే సీలు చెదిరితే లోపం తయారీదా, వాడకానిదా అన్న వివాదం మొదలవుతుంది. అవసరమైతే ఫిర్యాదును విచారించే వినియోగదారుల కమిషనే దాన్ని ప్రయోగశాలకు పంపుతుంది. నేమ్‌ప్లేటు మీది సీరియల్ నంబరు కనబడేలా ఫొటో తీసి, బిల్లు, వారంటీ కార్డులతో భద్రపరచండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. పరిష్కారం కాకుంటే దుకాణదారునూ తయారీ సంస్థనూ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి, రెండేళ్లలోపు, మీరు నివసించే ప్రాంతానికి చెందిన జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షలు దాటకపోతే దాఖలు రుసుము లేదు.