గాలి బుల్లెట్‌ను పక్కకు తోసేయదు

"1000 గజాల టార్గెట్ షూటింగ్‌కు బుల్లెట్ ఏరోడైనమిక్స్ చదవాలా, బుల్లెట్ దారిని లెక్కకట్టే బాలిస్టిక్ యాప్ ఫోన్‌లో ఉంటే చాలదా?" అని అడిగారు. చదవాలి. అంతా అక్కర్లేదు, ఒక్క విషయం బుర్రకెక్కితే చాలు. ఇంగ్లండ్‌లో ఉంటూ బిస్లీ రేంజ్‌లో చాలాకాలంగా కాలుస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

పక్క గాలి బుల్లెట్‌ను నెట్టుకుపోతుందని అందరూ అనుకుంటారు. లెక్క వేసి చూడండి. మేం వాడే 7.62 మి.మీ. రైఫిల్ నుంచి 155 గ్రెయిన్ల (సుమారు 10 గ్రాముల) బుల్లెట్ సెకనుకు సుమారు 900 మీటర్ల వేగంతో బయల్దేరి, దాదాపు ఒకటిన్నర సెకనులో 1000 గజాలు చేరుతుంది. గంటకు 10 మైళ్ల గాలి అంటే సెకనుకు నాలుగున్నర మీటర్లు. గాలితో కొట్టుకుపోయేదే అయితే ఆరేడు మీటర్ల దూరాన పడాలి. పడేది రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే. ఎందుకంటే గిర్రున తిరిగే బుల్లెట్ తన ముక్కును ఎదురొచ్చే గాలివైపు కొద్దిగా తిప్పుకుంటుంది. దాంతో వెనక్కి లాగే గాలి నిరోధం, అంటే డ్రాగ్, కాస్త వాలుగా, గాలి వెళ్లే వైపుకు లాగుతుంది. శూన్యంలో అయితే అదే దూరానికి ఒక్క సెకను చాలు. డ్రాగ్ వల్ల ఆలస్యమైన ఆ అర సెకనును గాలి వేగంతో గుణించండి, బుల్లెట్ ఎంత జరుగుతుందో తెలిసిపోతుంది.

ఒకసారి బిస్లీలోని స్టికిల్‌డౌన్ రేంజ్‌లో ఒక పెద్దాయనకు స్కోరు రాస్తున్నాను. అక్కడ ఒకే టార్గెట్ మీద ఇద్దరు ముగ్గురు వంతులవారీగా కాలుస్తారు, ఒకరి స్కోరు ఇంకొకరు రాస్తారు. ఆయన రైఫిల్‌కు టెలిస్కోప్ లేదు, చిన్న రంధ్రమున్న సైట్లే. జెండాలు కుడి నుంచి కొద్దిగా లేచి ఉన్నాయి. ఆయన చెంప ఆనించి, గురి పెట్టి, ఆగిపోయారు. షాట్‌కు 45 సెకన్లే టైమ్. నాకు టెన్షన్, ఆయనకు లేదు. ఎడమ కన్ను పక్కనున్న స్పాటింగ్ స్కోప్‌లో పెట్టారు. నేనూ నా స్కోప్‌లో చూస్తున్నాను. నేల మీది ఎండమావి కుడి నుంచి ఎడమకు పారుతున్నదల్లా నెమ్మదించి, నిట్టనిలువుగా మరగడం మొదలైంది. అంటే పక్క గాలి ఆగింది. జెండాలు మాత్రం ఇంకా వాలలేదు, గుడ్డకు ఆలస్యంగా తెలుస్తుంది. ఆయన సైట్‌ను మూడు మినిట్లు (ఇవి కోణం కొలతలు, డిగ్రీలో అరవయ్యో వంతు ఒక మినిట్) వెనక్కి తిప్పి కాల్చేశారు. టార్గెట్ దిగింది, మళ్లీ లేచింది: వీ-బుల్, అంటే నట్టనడి వలయం. అదే క్షణంలో జెండాను నమ్మి కాల్చిన పక్క టార్గెట్ అతనికి కుడివైపు, "మ్యాగ్‌పై" అనే బయటి వలయంలో, మూడు మార్కులు.

మూడు మినిట్లని ఎలా తేల్చారని తర్వాత అడిగాను. "గాలి వేగం గంటకు ఒక మైలు మారితే నా బుల్లెట్ ఎంత జరుగుతుందో నాకు కంఠతా వచ్చు. ఇక చూడాల్సింది గాలినే" అన్నారు. బిస్లీ పెద్ద పోటీల్లో టార్గెట్ రైఫిల్ వాళ్లందరికీ ఒకే కార్ట్రిడ్జ్‌లు ఇస్తారు. డబ్బు పోసి మంచి బుల్లెట్ కొనుక్కునే వీలు లేదు. మిగిలేది ఈ తెలివిడే.

కొత్తవాళ్లు వచ్చీ రాగానే భూభ్రమణం గురించి అడుగుతారు, అది నాకు చిరాకు. 1000 గజాల దగ్గర ఇంగ్లండ్‌లో పక్కకు దాని ప్రభావం 8 సెం.మీ. దాకా ఉంటుంది, ఎటు తిరిగి కాల్చినా కుడికే. సైట్‌లో ఒకసారి సర్దేస్తే అయిపోయింది. గాలిని ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే 22 సెం.మీ. పోతుంది! బుల్లెట్ డబ్బాల మీద అచ్చేసే బాలిస్టిక్ కోఎఫిషెంట్, అంటే గాలి నిరోధాన్ని బుల్లెట్ ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె, ఇంకో తలనొప్పి. చాలావాటిపై జీ1 విలువే ఉంటుంది. అది పాతకాలపు చదును అడుగు బుల్లెట్‌ను బట్టి పెట్టిన కొలత. తోక సన్నబడే పొడవాటి బుల్లెట్లకు, ఆ ఆకారాన్ని బట్టే పెట్టిన జీ7 విలువ చూడండి.

గాలి నిరోధం ఇంత పెద్దదని 1742లో కొలతలతో చూపించింది బెంజమిన్ రాబిన్స్. ఆయన తర్వాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయడానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయారు. మన తీరాన పోయిన ఆ మనిషి గురించి నేను చదివిన ఏ ఫిజిక్స్ పాఠంలోనూ ఒక్క వాక్యం లేదు. అది నాకు నిజంగా బాధ.

నా మాట నమ్మబుద్ధి కాకపోతే చిన్న .22 రైఫిల్ చూడండి. దాని మ్యాచ్ (పోటీ) కార్ట్రిడ్జ్‌లను కావాలనే ధ్వని వేగం కంటే తక్కువగా, సెకనుకు 325 మీటర్ల దగ్గర తయారుచేస్తారు. ధ్వని వేగం దాటి బయల్దేరే హై వెలాసిటీ రకం ముందే చేరుతుంది, అయినా గాలికి ఎక్కువ జరుగుతుంది. ధ్వని వేగం దగ్గర డ్రాగ్ అమాంతం పెరిగి, దానికి ఆలస్యం ఎక్కువవుతుంది కాబట్టి. గాలి తోస్తుందనుకుంటే ఇది అర్థమే కాదు. యాప్ కొనే ముందు, గాలి వీచే రోజున దగ్గర్లోని అవుట్‌డోర్ రేంజ్‌లో రెండు రకాలూ పక్కపక్క టార్గెట్ల మీద కాల్చి చూడండి.