ఎల్ ఆకారం హాలుకి హోమ్ థియేటర్: ముందు సోఫా చోటు తేల్చండి, తర్వాతే స్పీకర్లు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్, హాలూ డైనింగూ కలిసి ఎల్ ఆకారం. టీవీ గోడ వెడల్పు 11 అడుగులు, అక్కణ్ణుంచి సోఫా వెనక గోడకి 13 అడుగులు. ఎడమ పక్క నిండు గోడ, కుడి పక్క గోడే లేదు, డైనింగులోకి తెరిచి ఉంది. సౌండ్‌బార్ (టీవీ కింద పెట్టే ఒకే పొడవాటి స్పీకర్) తీసుకోవాలా, ఒకే పెట్టెలో వచ్చే 5.1 సెట్టా (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్), లేక విడివిడిగా కొనుక్కోవాలా?

విడివిడిగానే కొనండి. అదీ ఒకేసారి అయిదూ వద్దు. ముందు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (అరలో పట్టే చిన్నసైజువి), మాటల కోసం మధ్యలో ఒక సెంటర్ స్పీకర్, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్ (సబ్), వీటన్నిటినీ నడిపే ఒక 5.1 లేదా 7.1 రిసీవర్. వెనక జత డబ్బు సమకూరాక చూసుకోవచ్చు. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ లేని గోడే.

ఖరీదైన సౌండ్‌బార్లు ధ్వనిని రెండు పక్కలకీ విసిరి, గోడల మీద పడి తిరిగొచ్చే శబ్దంతో చుట్టూ వినిపిస్తున్న భ్రమ కలిగిస్తాయి. మీ హాల్లో ఎడమకి వెళ్ళింది తిరిగొస్తుంది. కుడికి వెళ్ళింది డైనింగు టేబుల్ దాటి అటే పోతుంది. ఫలితంగా శబ్దం ఎప్పుడూ ఎడమకే ఒరుగుతుంది, ఏ సెట్టింగూ దాన్ని పూర్తిగా సరిచేయలేదు. మామూలు సౌండ్‌బార్‌కి ఈ దోషం లేదు గానీ, దాన్నుంచి హోమ్ థియేటర్ అనుభవం ఆశించకూడదు.

పెట్టెలో వచ్చే 5.1 సెట్ల సమస్య వేరు. వాటిలోని బుల్లి స్పీకర్లలో సాధారణంగా 3 అంగుళాల డ్రైవర్ (శబ్దం పుట్టించే గుండ్రటి భాగం) ఉంటుంది. అది 150 హెర్ట్జ్ కిందికి దిగలేదు (హెర్ట్జ్ అంకె తగ్గేకొద్దీ స్వరం బరువైనది), ఆ పని సబ్ మీద పడుతుంది. సబ్‌కి 80 హెర్ట్జ్ వరకే పని చెబితే అది ఏ మూలన ఉందో చెవి పట్టలేదు. 150 దాకా చెబితే పట్టేస్తుంది. హీరో తెర మధ్యలో మాట్లాడుతుంటే గొంతులోని బరువంతా సబ్ ఉన్న మూలలోంచి వస్తుంది.

ఇక కొలతలు. కొనేముందు ఒక సాయంత్రం టేపు పట్టుకుని కూర్చోండి.

సోఫాని వెనక గోడ నుంచి ఒక అడుగైనా ముందుకి జరపండి. తల గోడకి ఒకటిన్నర అడుగు దూరంలోకి వస్తుంది. 13 అడుగుల పొడవున్న గదిలో 43 హెర్ట్జ్ దగ్గర ఒకటి, 87 దగ్గర ఇంకొకటి గోడల మధ్య నిలబడిపోయే శబ్దపు అలలు పుడతాయి. వాటి ఒత్తిడి గోడ అంచునే ఎక్కువ. తల గోడకి ఆనించి కూర్చుంటే ఆ రెండు స్వరాలూ గుయ్యిమంటూ మిగతా బేస్‌ని మింగేస్తాయి. ఆ కాస్త జరపడంతో 87 దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. 43 పెద్దగా మారదు, దాని సంగతి సబ్ చోటుతో చూసుకోవాలి.

ముందు స్పీకర్లు టీవీ మధ్య గీత నుంచి చెరో 4 అడుగులు, అంటే మధ్యలో 8 అడుగుల ఎడం. ఎడమది పక్క గోడకి ఒకటిన్నర అడుగు దూరంలో ఉంటుంది. చెవికి స్పీకర్లకి సుమారు పదిన్నర అడుగులు వస్తుంది, అక్కడ మధ్య గీత నుంచి ఒక్కో స్పీకర్‌కి కోణం 22 డిగ్రీలు. డాల్బీ చెప్పే 22 నుంచి 30కి కింది అంచున ఉంటుంది, ఫర్వాలేదు. ఇంకా వెడల్పు చేయాలని ఎడమదాన్ని మూలకి నెట్టకండి. మూల దాని బేస్‌ని ఉబ్బిస్తుంది, కుడిదానికి ఆ సాయం లేదు, జత జతలా వినిపించదు. ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న డ్రైవర్) చెవి ఎత్తులో ఉండాలి. సోఫాలో కూర్చున్నప్పుడు చెవి నేల నుంచి 38 అంగుళాలు అటూ ఇటూ ఉంటుంది. టీవీ యూనిట్ మీద పెట్టేటట్టయితే పోర్టు రంధ్రం (బేస్ గాలి బయటికొచ్చే దారి) వెనక ఉన్న మోడల్ కాకుండా ముందున్నదో, అసలు లేనిదో చూడండి.

పవర్ గురించి దుకాణంలో చెప్పే అంకెలు పట్టించుకోకండి. స్పీకర్ సెన్సిటివిటీ 86 డెసిబెల్స్ అనుకుందాం. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో అంత. మీ దూరం 3.2 మీటర్లు, అక్కడికి వచ్చేసరికి 76. పది వాట్లిస్తే 86, ఎనభై ఇస్తే 95. అపార్ట్‌మెంటులో అంతకు మించి పెట్టలేరు. కాబట్టి 80 వాట్ల రిసీవర్ చాలు, మిగిలిన డబ్బు సబ్‌కి మళ్ళించండి.

సెంటర్ స్పీకర్‌ని టీవీ కింది అరలో లోపలికి తోసేస్తారు చాలామంది. అర గోడలు గొంతుని డబ్బాలోంచి వచ్చినట్టు చేస్తాయి. స్పీకర్ ముఖం అర అంచు దాటి ఒక వేలెడు బయటికి ఉండాలి. ముందు కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టి చెవి వైపు వాల్చాలి. డైలాగు అర్థం కావట్లేదు, పాటలొస్తే చెవులు అదురుతున్నాయి అనే ఫిర్యాదులో సగం ఇక్కడే తీరుతుంది. మిగతా సగానికి సెంటర్ లెవెల్ 2 డెసిబెల్స్ పెంచండి. ఒక మాట: రెండు వూఫర్ల (పెద్ద డ్రైవర్ల) మధ్య ఒక ట్వీటర్ ఉండే అడ్డం సెంటర్లలో పక్కన కూర్చున్నవారికి గొంతు పలచబడుతుంది. సోఫా చివర్లలో కూడా మనుషులు కూర్చునే ఇల్లయితే ముందు జతలాంటి బుక్‌షెల్ఫ్‌నే ఒకటి నిలువుగా పెట్టగలరేమో చూడండి.

సబ్ ఎంపికలో ఎక్కువమంది తప్పు చేసేది గది కొలతలోనే. హాలు 11 బై 13 చూసి 8 అంగుళాలది చాలనుకుంటారు. బేస్ ఎల్ మొత్తాన్నీ నింపాలి. డైనింగు 9 బై 10 అనుకుంటే, తొమ్మిదిన్నర అడుగుల శ్లాబు ఎత్తుతో మొత్తం సుమారు 2,200 ఘనపుటడుగులు. హాలొక్కటే అయితే 1,360. అందుకే 10 లేదా 12 అంగుళాలది కావాలి. పోర్టెడ్ సబ్ (రంధ్రం ఉన్నది) లోతుగా గట్టిగా దిగుతుంది, పెట్టె పెద్దది. సీల్డ్ (రంధ్రం లేనిది) చిన్న పెట్టెలో ఒదుగుతుంది, మూలకి దగ్గరగా పెట్టినా మరీ ఉబ్బదు. ఎస్‌వీఎస్ కంపెనీ మోడళ్ళ పేర్లలోనే ఎస్‌బీ అంటే సీల్డ్, పీబీ అంటే పోర్టెడ్. మీ హాలుకి నేనైతే సీల్డ్ 12 వైపే మొగ్గుతాను, కింద ఇంట్లోవాళ్ళకీ కాస్త నయం.

దాన్ని ఎక్కడ పెట్టాలో కళ్ళతో తేల్చలేం. సబ్‌ని ఎత్తి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. 30 నుంచి 80 హెర్ట్జ్ వరకు మెల్లగా ఎక్కే టోన్ పెట్టి, సబ్ ఉండగలిగే చోట్లన్నీ మోకాళ్ళ మీద తిరుగుతూ, చెవి నేలకి దగ్గరగా ఉంచి వినండి. అన్ని స్వరాలూ దాదాపు ఒకే బలంతో వినిపించే చోటే సబ్ చోటు. ఎల్ గదుల్లో టీవీ పక్క మూలతో పాటు హాలూ డైనింగూ కలిసే మలుపు దగ్గర కూడా తప్పకుండా వినండి, చాలాసార్లు అక్కడే సమంగా ఉంటుంది. సబ్ కింద మెత్తటి రబ్బరు పాదాలు వేస్తే శ్లాబు అదరడం తగ్గుతుంది, గాలిలో వెళ్ళే బేస్ మాత్రం ఆగదు.

వెనక జత కొన్నప్పుడు ఒకటి ఎడమ గోడకీ రెండోది డైనింగు అవతలి గోడకీ బిగించకండి. దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది. రిసీవర్ లెవెల్నీ ఆలస్యాన్నీ సరిచేస్తుంది గానీ, దూరపు స్పీకర్ నుంచి గది ప్రతిధ్వనే ఎక్కువ వస్తుంది. రెండూ సోఫా వెనక గోడకే, మీ తలకి అటూ ఇటూ సమాన దూరంలో, ఐదున్నర ఆరు అడుగుల ఎత్తున పెట్టి, ముఖాలు చెవి మీదికి కాకుండా ఒకదానికొకటి ఎదురుగా తిప్పండి. అట్మాస్ (శబ్దం నెత్తి మీంచి కూడా వినిపించే పద్ధతి) కోసం పైకి కొట్టే స్పీకర్లు మాత్రం వద్దు, నడినెత్తిన ఫ్యానూ మెట్ల ఫాల్స్ సీలింగూ ఉన్న చోట డబ్బు దండగ.

టైల్స్ నేల మీద సోఫాకీ టీవీకీ మధ్య 5 బై 7 అడుగుల కార్పెట్ వేయండి. ఎడమ గోడకి ఒకరు అద్దం ఆనించి జరుపుతుంటే, మీరు సోఫాలోంచి చూస్తూ ఎడమ స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ మందపాటి కర్టెన్ గానీ, గుడ్డ చుట్టిన 2 అంగుళాల రాక్‌వూల్ పలక గానీ పెట్టండి. 2 బై 4 అడుగుల పలక సరిపోతుంది. ఆ ఒక్కదానితో ఎడమ ఒరుగు చాలావరకు పోతుంది. గుడ్ల అట్టలూ థర్మోకోలూ ఇందుకు పనికిరావు.

వైరుకి ప్రత్యేక బ్రాండ్లు అక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 1.5 చదరపు మిల్లీమీటర్ల రెండు కోర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు 12 మీటర్ల దాకా నిశ్చింత. రాగి పూత వేసిన అల్యూమినియం అంటగడతారు, చివర గీకి చూస్తే లోపల తెల్లగా కనిపిస్తుంది. ప్లస్ మైనస్ ఒక్క స్పీకర్‌కి తారుమారైనా బేస్ పలచబడుతుంది.

అన్నీ బిగించాక రిసీవర్‌తో వచ్చే కొలత మైకుని చెవి ఎత్తులో స్టాండు మీద పెట్టండి, చేత్తో పట్టుకోవద్దు. ఫ్యాన్, ఏసీ ఆపి కొలవండి. మొదటి కొలత మీ అసలు సీటులోనే తీసుకోవాలి. సబ్ మీదున్న క్రాసోవర్ నాబ్ (సబ్ ఏ స్వరం దాకా పలకాలో చెప్పేది) పూర్తిగా పైకి, గెయిన్ (శబ్దం స్థాయి) సగానికి పెట్టి మొదలుపెట్టండి. కొలత అయ్యాక రిసీవర్ ముందు స్పీకర్లని లార్జ్ అని చూపిస్తే స్మాల్‌కి మార్చి 80 హెర్ట్జ్ పెట్టండి, అప్పుడు ఆ కింది బేస్ సబ్‌కి వెళ్తుంది. సబ్ దూరం టేపు కొలత కంటే నాలుగైదు అడుగులు ఎక్కువ చూపిస్తే కంగారుపడి సరిదిద్దకండి, సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ చేసే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కేస్తుంది.