గోరు తీయించాక నెత్తురు ఆగకపోతే

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా పుట్టిల్లు పాతపట్నం, నన్ను గుణుపురం ఇచ్చారు. మా అత్తగారికి 59 ఏళ్లు. కుడికాలి బొటనవేలి గోరు పక్కకి కండలోకి దిగబడి ఏడాదిగా బాధపడుతుంటే, పోయిన నెలలో పర్లాకిమిడి తీసుకెళ్లి ఆ పక్క గోరు తీయించాం. అక్కడ ఒక్క చుక్క నెత్తురు కనబడలేదు. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి కట్టంతా ఎర్రగా తడిసిపోయింది. విప్పి పసుపు అద్ది మళ్లీ కట్టాం, మళ్లీ తడిసింది. రాత్రి పదింటి లోపు నాలుగుసార్లు విప్పాం. చివరికి మా మరిది వేలి మొదట్లో రబ్బరు బ్యాండు బిగించాడు. నెత్తురు ఆగింది గానీ వేలు నల్లబడుతోందని మావయ్య గారు కేకలేసి తీయించేశారు. తెల్లారేసరికి దానంతటదే ఆగిపోయింది. ఆవిడ గుండెకి రోజూ ఒక చిన్న మాత్ర వేసుకుంటారు, దానివల్లే ఇదంతా అని అది కూడా ఆపేశాం. ఆస్పత్రిలో ఇచ్చిన చీటీ ఒడియాలో ఉంది, నాకు చదవడం రాదు. ఇప్పుడు ఎడమ వేలికి కూడా చేయించాలంటున్నారు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఈసారైనా ఏం చేయాలో చెప్పండి.
- ఒక కోడలు, గుణుపురం

జవాబు: వేలి సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర సంగతి చూడమ్మా. ఆపేశామని రాశారు గానీ మళ్లీ మొదలుపెట్టామని రాయలేదు. అది బహుశా ఆస్పిరిన్ అయ్యుంటుంది, గుండె రక్తనాళాల్లో గడ్డ కట్టకుండా ఇచ్చేది. దాని పని ప్లేట్‌లెట్ల మీద వారం పది రోజులు ఉంటుంది, అంటే ఆ రాత్రి మాత్ర మానేసినా ఆ రాత్రి నెత్తురుకి ఒరిగేదేమీ లేదు, రోజుల తరబడి మానేస్తే మాత్రం గుండెకే ముప్పు. అది రాసిచ్చిన డాక్టరుకి ఈరోజే ఫోన్ చేయండి. వేలి నెత్తురుకి భయపడి గుండెని గాలికి వదిలేయకూడదు.

ఆస్పత్రిలో చుక్క కూడా ఎందుకు రాలేదంటారా, గోరు తీసేటప్పుడు వేలి మొదట్లో డాక్టర్లు కూడా ఒక బ్యాండు బిగిస్తారు. పని అయ్యే ఆ కొద్ది నిమిషాలు నెత్తురు రాకుండా, గోరు అంచు స్పష్టంగా కనబడాలని. పని కాగానే తీసేస్తారు. అసలు నెత్తురు మొదలయ్యేది అప్పుడే, అది కట్టు లోపల మెల్లగా ఊరుతుంటుంది. దానికి తోడు మీరు ఆవిడని పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా బస్సులో, కాలు కిందికి వేలాడేసి కూర్చోబెట్టి తెచ్చారు. కాలి వేలికి నెత్తురు సరఫరా బాగా ఎక్కువ, పైగా కాలు కిందికి ఉంటే అంతా అక్కడికే దిగుతుంది. కట్టు తడవకపోతేనే ఆశ్చర్యం.

ఇంకో మాట. చెంచాడు నెత్తురు తెల్ల గాజు గుడ్డ మీద పడితే గిన్నెడు పోయినట్టు కనిపిస్తుంది. అందుకే మరకని చూసి బెంబేలెత్తకుండా, దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కన టైము రాయండి. గంట తర్వాత మరక గీత దాటకపోతే ఆగిపోయినట్టే. దాటి పెరుగుతుంటే పని మొదలుపెట్టాలి.

ఆ పని ఏమిటంటే, ఆవిడని వెల్లకిలా పడుకోబెట్టి మడమ కింద రెండు మూడు దిళ్లో మడతపెట్టిన బొంతో పెట్టి పాదం గుండె కంటే ఎత్తులో ఉండేలా చూడండి. కుర్చీలో కూర్చుని కాలు స్టూలు మీద పెడితే చాలదు. తర్వాత శుభ్రమైన గుడ్డ మడతపెట్టి, ఉన్న కట్టు మీదనే, వేలిని అటూ ఇటూ పట్టుకుని గట్టిగా నొక్కి ఉంచండి. గడియారం చూసి 15 నిమిషాలు. మధ్యలో తీసి చూడకూడదు, అదొక్కటే అసలు కష్టం. మీరు నాలుగుసార్లు విప్పారు కదా, అప్పుడే కట్టుకుంటున్న గడ్డని నాలుగుసార్లు పీకేశారన్నమాట. తడిస్తే విప్పకుండా దాని మీదే ఇంకో పొర కట్టండి. (పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ కట్టు విప్పి చూపించే మర్యాద మన ఇళ్లలో ఉందే, దాన్ని కూడా రెండ్రోజులు పక్కన పెట్టండి.)

మీ మరిది వేసిన రబ్బరు బ్యాండు విషయంలో మావయ్య గారికి దండం పెట్టాలి. డాక్టరు వేసేది నిమిషాల లెక్కన, చూసుకుంటూ. ఇంట్లో వేసి నిద్రపోతే, మత్తు సూది ప్రభావం ఇంకా ఉంటే నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి వేలే చచ్చిపోవచ్చు. దారం, రబ్బరు, చీర పీలిక, ఏదీ వద్దు. కట్టు కూడా మరీ బిగుసుకుంటే వేలి కొన నీలంగా మారడం, తిమ్మిరెక్కడం, పోటు పెట్టడం కనిపిస్తుంది. అప్పుడు పై పొర మాత్రం కొంచెం వదులు చేయండి.

పసుపు, కాఫీ పొడి, సున్నం కూడా వద్దు. పొలంలో కొడవలి గీసుకుంటే గడ్డి చామంతి ఆకు నలిపి పెట్టడం మా చిన్నప్పుడు మేమూ చేశాం, కానీ కోసి తెరిచిన గోరు గుంటలో పొడులు, ఆకులు నింపితే కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే, పైగా డాక్టరుకి లోపల ఏముందో కనబడదు. నొప్పికి పారాసిటమాల్ చాలు. డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటివి ఆస్పిరిన్‌తో కలిస్తే నెత్తురు ఇంకా ఎక్కువ కారుతుంది, కాబట్టి మెడికల్ షాపులో నొప్పి బిళ్ల అడిగేటప్పుడు గుండె మాత్ర సంగతి ముందే చెప్పండి.

15 నిమిషాల చొప్పున రెండుసార్లు అలా నొక్కినా కారుతూనే ఉంటే, లేదా చుక్కలు చుక్కలుగా ధార కడితే, అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లాల్సిందే. దారంతా కాలు సీటు మీద చాపించి నొక్కి పట్టుకోండి.

ఎడమ వేలికి వెళ్లే ముందు షుగరు పరీక్ష చేయించండి. ఆవిడ వేసుకునే మాత్రలన్నీ అట్టలతో సహా సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. ఇంతకుముందు పన్ను పీకించినప్పుడో కాన్పులోనో నెత్తురు ఎక్కువ పోయి ఉంటే అది కూడా చెప్పాలి, ఆయన అడగకపోయినా. కట్టు కట్టాక వెంటనే బస్సెక్కకండి. గంటసేపు అక్కడే కాలు ఎత్తి పడుకోనిచ్చి, కట్టు డాక్టరుకి ఒకసారి చూపించి, అప్పుడు కారో ఆటోనో మాట్లాడుకుని వెనక సీట్లో కాలు చాపించి తీసుకురండి. చీటీ ఒడియాలో ఉంటే అక్కడి నర్సమ్మని చదివించుకుని తెలుగులో మీరే రాసుకోండి. సరిహద్దులో చాలామంది ఈ ఇబ్బందే పడుతుంటారు. ‘పాణి’ అన్న మాట ఒక్కటే చెవిన పడి, నీళ్లు తగలనివ్వద్దని చెబితే నీళ్లలో నానబెట్టమన్నారనుకుని వచ్చినవాళ్లని నేను చూశాను.

మొదటి కట్టు డాక్టరు చెప్పిన రోజే విప్పాలి, మామూలుగా ఒకటి రెండు రోజులకి. అంటుకుపోయి ఉంటుంది, లాగితే కథ మళ్లీ మొదటికొస్తుంది. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లలో పదినిమిషాలు నానితే దానంతటదే ఊడుతుంది.

ప్రశ్న: గోరు అంచు తీసి, మళ్లీ రాకుండా వేరుకి ఏదో మందు రాశారు. పన్నెండు రోజులైనా పచ్చటి నీరు కారుతోంది. చీము పట్టిందా? డ్యూటీకి బూట్లు తప్పనిసరి.
- రాయగడ

జవాబు: రాసింది ఫినాల్ అయ్యుంటుంది. అది గోరు వేరుని కాల్చేస్తుంది కాబట్టి కాలిన పుండులాగే రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ రోజులు నీరు ఊరుతుంది. చిక్కగా, కంపు కొడుతూ వస్తున్నా, ఎరుపు పాదం మీదికి పాకుతున్నా, తగ్గిన నొప్పి తిరగబెట్టినా, జ్వరం వచ్చినా అది చీమే అనుకుని వెంటనే చూపించండి. షుగరు ఉంటే ఇవేవీ లేకపోయినా ఈ వారమే చూపించండి. బూట్ల విషయానికి మీ డాక్టరు దగ్గర సర్టిఫికెట్ తీసుకుని, పుండు ఆరేదాకా ముందు భాగం తెరిచి ఉన్న చెప్పులతో వెళ్లండి.