ముందు టైమ్ అడుగు, తర్వాత డబ్బు

చిరంజీవి డాక్టరమ్మకు ఆశీస్సులు.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు) ఉన్న పిల్లల్లో కొందరికే జబ్బు పదేపదే ఎందుకు తిరగబెడుతుందో తేల్చాలని ఉంది, ఫెలోషిప్‌కి ఎలా రాయాలి సార్ అని అడిగావు. చాలా సంతోషమేసింది. దరఖాస్తు సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) దగ్గరికి వెళ్లి, వారంలో ఏ రోజులు నీకు ఓపీ, డ్యూటీలు ఉండవో కాగితం మీద రాయించుకో. నోటిమాట వద్దు.

నా మొదటి గ్రాంటుకి నేను డబ్బు మాత్రమే అడిగాను. ఫ్రీజర్ వచ్చింది, కిట్లు వచ్చాయి. నేను మాత్రం సాయంత్రం దాకా ఓపీలోనే. జ్వరాల సీజన్‌లో రెండు నెలలు శాంపిళ్ల ముఖం చూడలేదు. కిట్ల గడువు దాటిపోయింది, మిగిలిన డబ్బు వెనక్కి కట్టాం. ఏడుస్తున్న పిల్లాడి చెయ్యి పట్టుకుని మాకు రక్తం తీయనిచ్చిన తల్లులు ఇప్పటికీ గుర్తొస్తారు. వాళ్లకి నేను బాకీ పడ్డాను.

అమెరికాలో ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ యువ డాక్టర్లకి ఇచ్చే కె23 గ్రాంటుకి, పని సమయంలో మామూలుగా 75 శాతం పరిశోధనకే ఉండాలని షరతు. మన దగ్గర వైద్య పరిశోధనకి నిధులిచ్చే ఇండియా అలయన్స్ సంస్థ డాక్టర్లకి విడిగా ఫెలోషిప్‌లు పెట్టింది. ఆఫీసు హైదరాబాద్‌లోనే. పరిశోధన ఖర్చుతో పాటు జీతం కూడా ఇస్తారు. నీ జీతం బయటి నుంచి వస్తే నీ బదులు ఓపీ చూడటానికి ఇంకొకరిని పెట్టుకోవచ్చు కదా, హెచ్‌ఓడీతో ఆ మాటే చెప్పు.

గైడ్లు ఇద్దరుండాలి, వార్డులో ఒకరు, ల్యాబ్‌లో ఒకరు. ఫోలిక్ యాసిడ్ ఇస్తే పిల్లల్లో లుకేమియా (రక్త క్యాన్సర్) ఇంకా ముదురుతున్నట్టు బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కి అనిపించింది. ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే మందు ల్యాబ్‌లో చేసిచ్చింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. 1948లో వచ్చిన ఆ పేపర్‌లో ఉన్నది 16 మంది పిల్లలే. పది మందికి, కొంతకాలమే అయినా, మేలు కనిపించింది. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పని జరిగేది కాదు. నీకు సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ లాంటి పరిశోధన సంస్థలు ఊళ్లోనే ఉన్నాయి. వెళ్లి అడుగు, మొహమాటపడకు.

సమ్మతి పత్రం మీద తల్లి సంతకం ఒక్కటే చాలదు. ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుకోలు కూడా తీసుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నియమం. అది ఫార్మాలిటీ అనుకోకు. ఎన్ని సూదులు పడతాయో పిల్లాడికి ఉన్నదున్నట్టు చెప్పు.

మొదటిసారి రాకపోతే టెన్షన్ పడకు. రివ్యూ రాసినవాళ్లు ఏమన్నారో చదివి మళ్లీ రాయి.

ఇంగ్లీషులో రాసేముందు నీ ప్రశ్న ఒక పేజీలో తెలుగులో రాయి. వార్డులో ఉన్న ఒక తల్లికి చదివి వినిపించు. ఆవిడ అడిగిన ప్రశ్నలన్నీ ఆ పేజీ కిందే రాసి, వచ్చే ఆదివారంలోగా నాకు పంపు.

మీ సార్