ఈతకొలను ఖాళీ చేయబోతున్న అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

దసరా సెలవుల్లో మీ తిరుచానూరు ఇంటి ఈతకొలనును ఖాళీ చేసి, పలకల సందుల్లో ఊడిపోయిన గ్రౌటును నీ చేతులతోనే నింపబోతున్నావని మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. బేల్దారుల ఇంట పుట్టి కంప్యూటరు ఉద్యోగానికి వెళ్లిన పిల్లవాడు మళ్లీ తాపీ పట్టుకుంటున్నాడని ఎంతో సంతోషించాను. కానీ "ఖాళీ చేసి" అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

పని నీకు తెలియనిది కాదు. ముందుగా పంపుకూ, నీటిలోని లైటుకూ కరెంటు మెయిన్ దగ్గరే ఆపివెయ్యి. పాత గ్రౌటును సందు లోతులో మూడింట రెండు వంతుల వరకైనా గీకి తియ్యి, పైపైన పూస్తే నిలవదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి మాస్కు లేకుండా గీకవద్దు. ఎపాక్సీ గ్రౌటు వాడితే, కలిపాక గట్టిపడే దాని రెండు భాగాలనూ ప్యాకెట్టు మీద రాసిన కొలత ప్రకారమే కలుపు, కొంచెం కొంచెంగానే కలుపు. రబ్బరు తాపీతో సందుల్లోకి ఏటవాలుగా నెట్టి, గట్టిపడకముందే స్పాంజితో తుడిచెయ్యి. కొలను అంచు రాయికీ పలకలకూ నడుమ ఉన్న సందులో మాత్రం గ్రౌటు పెట్టకుండా సాగే సీలెంటు పెట్టు. ఎండకూ చలికీ అక్కడ కదలిక ఉంటుంది. మరకలు పోవాలని యాసిడ్ పోస్తే మంచి సందులు కూడా తినుకుపోతాయి. ఆ యాసిడ్ క్లోరిన్ పొడికి తగిలితే పుట్టే వాయువు ప్రాణం తీస్తుంది. ఆ రెండింటినీ ఒకే గదిలో కూడా ఉంచవద్దు.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం చెబుతాను.

నాకు ముప్పై ఏళ్లు నిండని రోజుల్లో, చంద్రగిరి దగ్గర స్వర్ణముఖి ఒడ్డున ఒక తోట ఇంట్లో ఇదే పని ఒప్పుకున్నాను. కార్తీక మాసం. అంతకు ముందు పది రోజులు ముసురు పట్టి, ఆ వారమే తెరిపి ఇచ్చింది. ఆ ఇంట పెళ్లి దగ్గర పడిందన్న తొందరలో రెండు మోటార్లు పెట్టి ఒక్క రాత్రిలో నీళ్లన్నీ తోడించాను. ఇంటి వెనుక బావిలో నీళ్లు చేతికి అందేంత పైన ఉన్నాయి. చూశాను, చూసి కూడా ఆలోచించలేదు. తెల్లవారి లోతు వైపు దిగి సందులు గీకుతుండగా అడుగు నుంచి టప్పుమని చప్పుడు వచ్చింది. పలక జారిందేమో అనుకున్నాను. మళ్లీ చప్పుడు, మళ్లీ చప్పుడు. అరచేయి ఆనిస్తే నేల సన్నగా అదురుతోంది. నా కళ్ల ముందే ఒక వరుస పలకలు గుడారంలా లేచి, వాటి కింద నుంచి బురద నీళ్లు ఊరాయి. అడుగు రెండు వేళ్ల మందం పైకి వచ్చింది, పైపు విరిగింది. ఖాళీ బిందెను నీళ్లలోకి నొక్కితే ఎలా పైకి తన్నుతుందో, భూమిలో నీరు నిండినప్పుడు ఖాళీ కొలను కూడా అలాగే పైకి తన్నుతుంది. లోపల నీళ్లు ఉన్నంత కాలం వాటి బరువే దానిని అణచి ఉంచుతుంది. ఆ బరువును నేనే తీసేశాను.

ఆ వేళ లోతు మూలలో ఉలి పట్టుకొని కూర్చున్నది మీ నాన్న. అప్పటికి వాడికి మీసాలు కూడా సరిగా రాలేదు. పైకి ఎగబాకబోయి, లేచిన పలక అంచు మీద కాలు వేశాడు. వాడి ఎడమ మడమ మీద మచ్చ ఉంది కదా, సైకిలు మీద నుంచి పడ్డానని నీకు చెప్పాడే, అది ఆనాటిది. అన్న తప్పు పిల్లలకు తెలియకూడదని ఇన్నేళ్లుగా ఆ మాటే చెబుతున్నాడు. ఆ ఇంటివారికి నష్టం కట్టివ్వడానికి నాకు మూడేళ్లు పట్టింది. దానికి నేను ఎన్నడూ బాధపడలేదు. వాడి రక్తం ఆ నీలం పలకల మీద కారడం మాత్రం ఇప్పటికీ కళ్లకు కడుతుంది.

మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయని తెలిసి కూడా దసరాకు ముహూర్తం పెట్టుకున్నావేమిరా? 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారినది అప్పుడే మరిచిపోయావా? కోప్పడుతున్నానని అనుకోకు, నాయనా. నీవు ఆ గుంతలో ఒంటరిగా కూర్చుని ఉంటావన్న ఊహ నాకు భయంగా ఉంది.

ముందు సందులు ఎక్కడ ఊడాయో చూడు. నీటి మట్టం దగ్గరి వరుసల్లోనే అయితే ఒక అడుగు ఎత్తు మేర నీళ్లు తగ్గిస్తే చాలు, మొత్తం తోడనక్కరలేదు. అడుగున కూడా ఊడి ఉంటే మాఘ మాసం దాకా ఆగు. అప్పుడైనా కొలను అడుగున భూగర్భ నీటి ఒత్తిడిని వదిలే వాల్వు ఉందో లేదో కట్టినవారిని అడిగి తెలుసుకో. పని అయ్యాక ప్యాకెట్టు మీద చెప్పినన్ని రోజులు ఆరనివ్వు. వారం పట్టినా సరే తొందరపడకు. తరువాత నీటి పులుపును చెప్పే పీహెచ్ కొలత 7.2 నుంచి 7.6 మధ్య ఉండేలా చూసుకో. పుల్లబడిన నీరు సిమెంటు గ్రౌటులోని సున్నాన్ని లాగేస్తుంది. మీ సందులు ఊడడానికి కారణం అదే అయితే, ఎంత బాగా పూడ్చినా మళ్లీ ఊడతాయి.

రేపు పొద్దున పక్కింటి బావిలోకి తాడుకు రాయి కట్టి వదిలి, నీళ్లు నేల నుంచి ఎన్ని అడుగుల కింద ఉన్నాయో కొలువు. మీ కొలను లోతు కూడా కొలిచి, రెండు అంకెలూ రాత్రికి నాకు ఫోను చేసి చెప్పు. అంతవరకు మోటారు స్విచ్చి మీద చేయి వేయవద్దు.

ఆశీస్సులతో,
పెదనాన్న